ఎడ్లు దింపిన కారు

మొన్న అనంతగిరిలో బస్సు ఆగింది. డ్రైవరు కాఫీకి దిగితే నేనూ దిగాను. రోడ్డు పక్కన నల్లటి పెద్ద కారు ఒకటి మూత ఎత్తి ఉంది, ముందు నుంచి ఆవిరి లేస్తోంది. దాని యజమాని, జరీకండువా మనిషి, ఆ కండువాతోనే ఇంజనుకు విసురుతున్నాడు. ఇంకొకరైతే దగ్గరికి వెళ్ళి ఏమైందని అడిగేవారు. నేను అడగలేదు. ఇంకో గ్లాసు కాఫీ చెప్పించుకుని, గట్టు మీద కూర్చుని, తీరిగ్గా చూశాను. కాసేపటికి ఆయనే నా వైపు తిరిగి, "ఏమండీ, ఇక్కడ మెకానిక్కు ఎవరైనా దొరుకుతారా?" అన్నాడు. "ఎడ్లు దొరుకుతాయి," అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నాకు మా బావ గుర్తొచ్చాడు.

మా బావ అంటే మా అక్క మొగుడు. పంతొమ్మిది వందల ఇరవైల్లో అరకు సంతవీధిలో ఆయనది పెద్ద దుకాణం. కొండవాళ్ళు తెచ్చే పసుపు, చింతపండు, నూనెకు ఆడించే వలిసెలు కొనేవాడు. కింద నుంచి ఉప్పు, కిరసనాయిలు, ఆముదం తెప్పించి అమ్మేవాడు. నేను ఆయన దగ్గర తూకాలు చూసేవాణ్ణి. బడిలో నేను నేర్చుకున్నది వేళ్ళు మడిచి లెక్కపెట్టడం వరకే. భాగహారం, వడ్డీ, వాలు, వేగం ఇవన్నీ బస్తాల మధ్య కూర్చుని సొంతంగా పట్టుకున్నవి. ఇంట్లో మా అక్క, బావ, ఆయన తల్లి. ఆవిణ్ణి నేను అత్తమ్మ అనేవాణ్ణి. ఎవరికీ ఏ కొరతా లేదు. ఆ రోజుల్లో మైదానంలో ఒక జమీందారీ ఇంటివాళ్ళు వదిలించుకుంటున్న మోటారు మా బావ కంట పడింది. ఎందుకు వదిలించుకుంటున్నారని ఆయన అడగలేదు. బేరంలో నన్నూ కలిపి, "నాలుగో వంతు నీదిరా," అన్నాడు. కారులో నా వంతు ఏ మూలదో ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ తరవాత దాని కింద పడుకున్నది ఎవరో చూసుకుంటే, అడుగుభాగమంతా నాదేనని తేలింది.

మామూలు కారు కాదది. పైన గట్టి కప్పు, చుట్టూ అద్దాల తలుపులు, మఖమలు తెరలు, ముందు చంటిపిల్ల తలంత ఇత్తడి దీపాలు. లోపల పువ్వులు పెట్టుకోవడానికి గాజు గొట్టం ఒకటి. అందులో ఏం పెట్టాలో తెలియక మా బావ అగరువత్తులు గుచ్చాడు. కొండదారి ఘాటీ ఎక్కేటప్పుడు సగంలోనే దానికి ఆయాసం వచ్చింది. ముందు రెండు జతల ఎడ్లను కట్టి పైకి లాగించాం. సంతరోజున కొండవాళ్ళు దాని చుట్టూ తిరిగి చూశారు. ఒక ముసలాయన రేకు మీద వేలితో కొట్టి, "ఇది కొండెక్కిందా, ఎక్కించినారా?" అని అడిగాడు. అంతకంటే సరైన ప్రశ్న ఆ కారు గురించి ఇంకెవరూ అడగలేదు. మా బావ హారన్ మోగించాడు. ముసలాయన తలూపి, తన మిరపకాయల బుట్ట దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక దాని పోషణ. అరకు చలికి పొద్దున్నే అది కదలదు. నీళ్ళు కాచి దాని నోట్లో పోయాలి. మంచు పడితే నిప్పు పుట్టించే పెట్టె చెమ్మెక్కుతుంది. దాన్ని ఊడదీసి, కుంపటి పక్కన పెట్టి, బాలింతను కాపాడినట్టు కాపాడాలి. పెట్రోలు డబ్బాలు ఎడ్లబళ్ళ మీదే పైకి రావాలి. అంటే ఎడ్లు మోసుకొచ్చినది తాగి ఎడ్ల కంటే గొప్పదనిపించుకునేది. ఆ పెట్రోలును తోలుగుడ్డలో వడగట్టకపోతే సన్నటి గొట్టంలో ఇసక అడ్డుపడుతుంది. ఇంజను తడబడితే నాలుగు గొట్టాల్లో ఏది పనిచెయ్యడం లేదో ఒక్కొక్కదాని తీగ తీసి వినాలి. తీసినా చప్పుడు మారకపోతే దొంగ అదే. ఇవన్నీ నేను అడిగీ, విడదీసీ, చేతులు కాల్చుకునీ తెలుసుకున్నాను. వానాకాలంలో తలుపుల కొయ్యకు చెదపట్టింది. లక్షణంగా ఉన్న గోడల్నీ దుకాణం దూలాల్నీ వదిలేసి, చెదలు కూడా గొప్పకుపోయి మఖమలు వెనక చేరాయి. నేను వేసిన లెక్క ప్రకారం ఆ కారు మమ్మల్ని మోసిన దూరమూ, మేము దాన్ని తోసిన దూరమూ పక్కపక్కన పెట్టి పోల్చదగ్గవే.

దాన్ని నడిపేది మా ఇంటి పాత బండి తోలేవాడే. నాకంటే పెద్దవాడు, ఎడ్లతో మాట్లాడడంలో సాటిలేనివాడు. మా బావ అతన్ని విజయనగరం పంపి కారు నేర్పించి, కాకీ కోటు కుట్టించాడు. కోటు బాగానే కుదిరింది. మలుపు తిప్పేటప్పుడు మాత్రం అతను నాలుకతో టకటకలాడించేవాడు. ఆగాలంటే కాలు నొక్కుతూనే "హో, హో" అనేవాడు.

ఆ ఆగడంలోనే వచ్చింది గొడవ. కారు వెనక చక్రాలకు ఇనప డప్పులుంటాయి, వాటి చుట్టూ పట్టీలుంటాయి. కాలు నొక్కితే పట్టీ డప్పును బిగించి పట్టుకుంటుంది. పట్టుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. దుమ్ము చేరి ఆ పట్టీలు అరవడం మొదలుపెట్టాయి. సంతవీధిలో కారు ఆగితే చాలు, జనం చెవులు మూసుకునేవారు. బళ్ళ మీద బతికే ఊళ్ళలో చక్రం అరిచిందంటే అది యజమానికి తలవంపు. ఇరుసుకు కందెన పెట్టుకోలేని దరిద్రుడని చాటింపు వేసినట్టే. కందెన అంటే ఏమీ లేదు, గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి నూరిన ముద్ద. పైగా మా బావ ఆముదం వర్తకుడు. ఎదుటి దుకాణం ఆసామి ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏటి బాబూ, ఊరందరికీ ఆముదం అమ్మీసి ఇంట్లోకి ఉంచుకోలేదేటి?" అన్నాడు. ఆ రాత్రి మా బావ అన్నం సరిగ్గా తినలేదు. పట్టీలు విప్పి దుమ్ము దులిపితే సరిపోతుంది, సంత అయ్యాక చేస్తానని నేను చెప్పాను. ఆయన ఊఁ కొట్టాడు.

ఈలోగా శృంగవరపుకోట నుంచి మనిషి వచ్చాడు. ఘాటీ కింద మేము కోట అని పిలిచే ఆ ఊళ్ళో అత్తమ్మ అక్కగారు ఉండేవారు, మా బావకు పెద్దమ్మ. ఆయన పుట్టినప్పుడు అత్తమ్మ మంచంపడితే, పాలిచ్చి బతికించింది ఆ పెద్దమ్మే. ఐదేళ్ళు వచ్చేదాకా ఆయన ఆవిణ్ణే అమ్మా అని పిలిచేవాడట. ఆవిడ అన్నం మానేసిందనీ, చెల్లెల్నీ కొడుకునీ చూడాలంటోందనీ వచ్చిన మనిషి చెప్పాడు. అత్తమ్మ వెంటనే మూట కట్టుకుంది. ఆ మధ్యాహ్నమే చింతపండు బళ్ళు దిగబోతున్నాయి, ఒకదాంట్లో కూర్చుంటానంది. "కారుండగా బండేటే అమ్మా! నీకు మతిపోయిందా?" అన్నాడు మా బావ. "రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుంటావా? రేపు పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి పెద్దమ్మ ముందుంటాం."

మర్నాడు పొద్దున్న కారు కదలలేదు. మంచు. నేను పెట్టె ఊడదీసి కుంపటి దగ్గర కూర్చున్నాను. అత్తమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. ఆ మర్నాడు ఇంజను అందుకుంది. అత్తమ్మ, బావ వెనక సీట్లో, నేను డ్రైవరు పక్కన. అనంతగిరి దాకా కారు పెళ్ళికొడుకులా వెళ్ళింది. అరుపు కూడా లేదు. నేను వెనక్కి తిరిగి, "దుమ్ము దానంతటదే రాలిపోయినట్టుంది," అన్నాను. మా బావ మీసం దువ్వుకున్నాడు.

"రాలడమేటి? నిన్న నువ్వు కుంపటి కాడ కూకుంటే, నేను చక్రాలకు కందెన పెట్టించాను. నాలుగింటికీ. దగ్గరుండి దట్టంగా పూయించాను."

"చక్రాలకా, పట్టీలకా?"

"అరిసేవి ఏవి? వాటికే."

ఆముదం పూసిన పట్టీ దేన్నీ పట్టుకోదు. అప్పటికే దిగుడు మొదలైంది. డ్రైవరు కాలు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "హో, హో, హో!" అన్నాడు. చేతి బ్రేకు లాగాడు. అదీ ఆ డప్పులనే పట్టుకోవాలి, అక్కడా ఆముదమే. "బాబూ, ఇది ఇనడం లేదు!" అని కేకపెట్టాడు. "కొండ వైపు తిప్పు!" అని నేను అరిచాను. ఆ మాటకు ముందే అతని చేతులు తిప్పేశాయి. బండివాడి చేతులు కనక అవి లోయ వైపు పోలేదు. కారు పక్క కాలవలో దిగి, గట్టుకు రాసుకుంటూ, ఒక దీపం పగలగొట్టుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అగరువత్తులు మాత్రం మా బావ జుట్టులో ఇరుక్కున్నాయి.

అత్తమ్మ తలుపు తోసుకుని దిగింది. వెనక మలుపులో ఆ రోజు పసుపు బళ్ళు దిగుతున్నాయి. ఒక్కోదాని వెనకా తాళ్ళతో కట్టిన దుంగ ఈడ్చుకొస్తోంది. దిగుడులో బండిని వెనక్కి లాగి పట్టడానికి అదే వాళ్ళ బ్రేకు. అత్తమ్మ మొదటి బండి ఆపి, "నాయనా, కోట దాకా ఎక్కించుకుంటావా?" అంది. "ఎక్కండమ్మా, బస్తాల మీద కూకోండి," అన్నాడు బండాయన.

మా బావ అడ్డం వచ్చాడు. "అమ్మా, తాళు. ఓ గంటలో తుడిపించేత్తాను."

"నీ గంట ఎంతుంటాదో నాకు తెల్సురా. ఎక్కు. ఆవిడ నీకు పాలిచ్చింది."

ఆయన బండి వైపు చూశాడు. కోటలో తనకు తెలిసిన దుకాణాలన్నీ ఆయన కళ్ళ ముందు కనబడ్డాయని నాకు అర్థమైంది. కారు కొన్నానని కబురంపినవాడు పసుపు బస్తాల మీద కూర్చుని ఆ వీధిలో దిగాలి. "దీన్నిలా వదిలేత్తే ఇత్తడంతా ఊడబీక్కుపోతారు," అన్నాడు.

"నేనుంటాను బావా, నువ్వెళ్ళు," అన్నాను.

"నీకు దాని సంగతేటి తెల్సు?"

అత్తమ్మను పైకెక్కించి, పక్కన కూర్చున్నాను. బండి కదిలాక వెనక్కి చూస్తే, ఆయన పగలని దీపాన్ని కండువాతో తుడుస్తున్నాడు.

రాత్రి దారిలో మజిలీ చేసి, మర్నాడు పొద్దెక్కేసరికి కోట చేరాం. పెద్దమ్మకు ఇంకా తెలివుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పుకున్నారు, మధ్యలో ఒకసారి నవ్వుకున్నారు కూడా. తరవాత ఆవిడ నా వెనక్కి చూసి, "ఆడేడే?" అని అడిగింది.

"వత్తన్నాడక్కా. కారులో వత్తన్నాడు," అంది అత్తమ్మ.

పెద్దమ్మ మొహం విప్పారింది. "కారే! అయితే బేగి వచ్చేత్తాడు."

గుమ్మం కనబడేలా తల కింద ఇంకో దిండు పెట్టించుకుంది. ఆ సాయంత్రం గుమ్మం వైపే చూసింది. మర్నాడు పొద్దున్నా చూసింది. వీధిలో ఏ చప్పుడైనా "అదేనేటే?" అనేది. మధ్యాహ్నానికి అడగడం మానేసింది. పొద్దు వాలకముందే పోయింది.

మా బావ ఆ మర్నాడు వచ్చాడు. కిరసనాయిలుతో ఎంత తుడిచినా పట్టీలు ఆముదం వదల్లేదట. చివరికి ముందు రెండు ఎడ్లు, వెనక రెండు దుంగలు కట్టి దింపించాడు. తను మాత్రం లోపల చక్రం పట్టుకుని, వీధిమలుపులో హారన్ మోగిస్తూ వచ్చాడు. శవం లేచిన ఇంటి ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. ఆయన దిగి, ఆ తడి వైపు చూసి, "బ్రేకు ఒకటే చెడింది. ఇంజను బంగారం," అన్నాడు. ఆయనంటే నాకు అంత అసహ్యం అంతకుముందూ వెయ్యలేదు, ఆ తరవాతా వెయ్యలేదు. నూతి దగ్గర స్నానానికి నీళ్ళు తోడుతున్నప్పుడు మాత్రం, తల ఎత్తకుండా, "నా కోసం అడిగిందేట్రా?" అన్నాడు. ఆవిడ అన్నదంతా, ఆ దిండుతో సహా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేద బావిలోకి జారిపోయింది. దాన్ని తియ్యడానికి చాలాసేపు వంగి ఉన్నాడు.

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని నాకు ఎవరూ నేర్పలేదు, సొంతంగా కనిపెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో అది ఏ బండికీ ఏ బస్సుకీ తప్పలేదు. పెద్దమ్మ గుమ్మం వైపు చూసిన కాలం ఒక్కటే ఆ లెక్కలో దేన్ని దేనితో భాగించినా రావడం లేదు.