హెర్మీన్ ఇంటిముందు శారమ్మ

హెర్మీన్ లెఫరింక్‌కి పాట నేర్పింది తనేనని మా ఆయన ఎగ్బర్ట్ ఊరంతా చెప్పుకుంటాడు. వట్టి కోతలు. ఆయన చేసిందల్లా మా పందుల కొట్టంలో లైసెన్సు లేని రేడియో స్టేషను ఒకటి పెట్టి, పక్కింటి పిల్లను పిలిచి మైకు ముందు నిలబెట్టడం. పాలు పితుకుతూ ఆవుల మధ్య పాడుకునే పంతొమ్మిదేళ్ల పిల్ల ఒక ఆదివారం పాడిన పాట మా ట్వెంటే ప్రాంతమంతా వినబడింది. మరునాడు పోలీసులు వచ్చి మా రేడియో స్తంభం పట్టుకుపోయారు. వాళ్ల వెనకే పాటల కంపెనీవాళ్లు వచ్చి హెర్మీన్‌ని పట్టుకుపోయారు.

ఆ తర్వాత రికార్డులు, టీవీ, పెళ్లిళ్లు, బీరు పందిళ్లు. జనం చేతులు పెనవేసుకుని ఊగుతూ ఆమెతోపాటు పాడేవాళ్లు. ఎంత పేరొచ్చినా ఇల్లు మారలేదు. మా కంచె పక్కనే, మా కోళ్లను తిట్టుకుంటూ ఉండిపోయింది. ముప్పై ఎనిమిదో ఏట మేనేజరు కాస్పర్ ఆమె వయసులోంచి ఆరేళ్లు కొట్టేశాడు. పేపర్లన్నీ అదే రాశాయి. ఊళ్లో మేమెవరమూ నోరు మెదపలేదు.

అసలు గొడవ నిరుడు మే నెలలో వచ్చింది, హెర్మీన్ యాభయ్యో పుట్టినరోజుకి. మా దగ్గర ఆడమనిషికి యాభై నిండితే ఆ పొద్దున ఇంటిముందు బైబిల్లోని ముసలమ్మ శారమ్మ బొమ్మ నిలబడాలి. గడ్డి కూరి, బట్టలు తొడిగి, మనిషంత ఎత్తున. పెట్టాల్సింది పక్కింటివాళ్లు. పెట్టలేదంటే ఆ రెండిళ్లకీ మాటల్లేవని అర్థం.

ముందు వారం హెర్మీన్ మా వంటింట్లోకొచ్చి కూలబడింది.

"డీనక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. నాకు శారమ్మ వద్దు. ఆ రోజే టీవీవాళ్లు వస్తున్నారు, నలభై నాలుగో పుట్టినరోజని. వయసు బయటపడితే కంపెనీ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టదు. నా పాట ఇక అంతే."

"ఊళ్లో నా పరువేం కావాలే?"

"నా పొట్ట కొట్టకక్కా!"

సరేనన్నాను. అన్నానే గానీ మనసొప్పితేగా! చిన్నప్పుడు దాని ముక్కు తుడిచింది నేను. దానికి శారమ్మ లేకుండా యాభై నిండడమా?

ఉపాయం ఎగ్బర్ట్ చెప్పాడు. "ఏమేవ్, బొమ్మ పెడదాం. దానిమీద అంకె వెయ్యొద్దు. యాభై అని లేకపోతే టీవీవాళ్లకేం తెలుస్తుంది?"

ఆహా, ఏం బుర్ర! నాకూ అప్పుడు భలేగా తోచింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పుట్టినరోజు పొద్దున్నే బొమ్మను హెర్మీన్ ఇంటిముందు నిలబెట్టాం. తొమ్మిదింటికి టీవీ బండి ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి బొమ్మను చూసి పకపకా నవ్వింది. "ఈ ఇంట్లో ఎవరికండీ యాభై?"

దేశంలో పసిపిల్లకైనా శారమ్మంటే యాభై అని తెలుసు. మా ఇద్దరికే తట్టలేదు. ఎండుద్రాక్ష రొట్టెలు పట్టుకొచ్చిన ఇరుగుపొరుగంతా నేలచూపులు చూశారు. టీవీ బండి వెనకే కారులో వచ్చిన కాస్పర్ మొహం కందగడ్డ అయింది.

"నాకేనమ్మా," అనేశాను.

"మీ ఇల్లేనా ఇది?"

"కాదు, పక్కది. బొమ్మ గాలికి ఇటు కొట్టుకొచ్చింది," అన్నాడు ఎగ్బర్ట్. ఆకు కూడా కదలడం లేదు.

అంతలో తలుపు తెరుచుకుంది. హెర్మీన్ పట్టుగౌను వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"డీనక్కా, ఆ నోరేంటి అంత పెద్దది కుట్టావు?"

"నీకున్నంతే కుట్టానే."

ఫక్కున నవ్వేసి గడ్డిలోకి దిగి, బొమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి కెమెరాకేసి తిరిగింది. "యాభై. ఈ ఇంట్లోనే పుట్టాను. రాసుకోండి."

కాస్పర్ కారు తలుపు ధడేలున వేసుకుని వెళ్లిపోయాడు. మేం కుర్చీలు గుండ్రంగా వేసుకున్నాం. కాఫీ, రొట్టె, ఆపైన పాటలు. టీవీ అమ్మాయి కూడా గొంతు కలిపింది.

నేను మాత్రం నా రొట్టె పక్కన పెట్టేశాను. హెర్మీన్ దగ్గరికి జరిగి, "నీ ఒప్పందం మంటగలిపాను కదే. తెల్లారే బొమ్మను లాగి పారేయకపోయావా?" అన్నాను.

"అక్కా, నాలుగింటి నుంచీ కిటికీ దగ్గరే కూర్చున్నా. ఐదైంది, మీరు రాలేదు. నేను వద్దన్నానని నిజంగానే మానేశారేమోనని ఏడుపొచ్చేసింది. ఆరింటికి నువ్వూ బావా బొమ్మను మోసుకుంటూ కనబడ్డాకే లేచి మొహం కడుక్కున్నా."