జలకన్యకు ఉన్ని స్వెటరు

స్వెటరు మాస్టారికి ఈ లోకంలో ఉన్నది ఒకటే బెంగ: బొమ్మల్లో ఆడవాళ్ళకి చలేస్తుందేమోనని. రాక్షసుల మీదికి బయల్దేరిన వీరవనితకైనా సరే, ముందు మెడదాకా కవచం తొడిగి, పైన శాలువా కప్పి, ఆ తర్వాతే చేతికి కత్తి ఇచ్చేవారు.

ఆయన పనిచేసే ఆఫీసు, పాచికలు వేస్తూ వీరులుగా, మంత్రగాళ్ళుగా నటిస్తూ ఆడే ఆటలకి బొమ్మలు గీసి అమ్ముతుంది. ఆ ఆటల్లో మగవాడు యుద్ధానికి నిలువెల్లా ఇనుములో వెళ్తాడు. పక్కనే ఆడమనిషి ఈతకి బయల్దేరినట్టు వెళ్తుంది. ఇదేం న్యాయమంటే, "అలా ఉంటేనే అమ్ముడుపోతాయి" అనేవాడు యజమాని.

వీరవనిత, మంత్రగత్తె, జలకన్య, ఎవరిని గీయాలన్నా ఎదురుగా నిలబడేది ఫోజులక్క. చెక్కపెట్టె ఎక్కి, చీపురుకర్రని కత్తిలా పట్టుకుని, బొమ్మలో ఏ దుస్తులుంటే అవే వేసుకుని నిలబడాలి. అది ఆ ఆఫీసు పద్ధతి.

మాస్టారి గీతలకి రంగులు వేసే అమ్మాయికి అరకొర బట్టల బొమ్మలంటే ఒళ్ళుమంట. మాస్టారి శాలువాలన్నా అంతే మంట. ఆడది ఒళ్ళు దాచుకు తిరగాలనే చాదస్తం కాకపోతే ఏమిటిదని ఆమె అనుమానం.

"మాస్టారూ, ఈవిడ నిప్పుల మంత్రగత్తె. మంటల మధ్య నిలబడింది. మఫ్లర్ ఎందుకండీ?"

"మంట ఎంతసేపుంటుందమ్మా? ఆరాక?"

"పక్కన వీరుడి కంబళి కూడా లాగి ఈవిడకే కప్పారు. మరి అతనికో?"

"పరిగెడితే వాడే వేడెక్కుతాడు."

జలకన్యకి ఉన్ని స్వెటరు వేసిన రోజు యజమాని ఆఫీసు పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "నీళ్ళు చల్లగా ఉంటాయి కదండీ" అని మాస్టారు పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. గొడవ సద్దుమణిగేసరికి స్వెటరుకి బొత్తాలు కూడా వచ్చాయి.

ఆ వానాకాలం మాస్టారు జ్వరమని ఇంటికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆయన సొంత స్వెటరు మాత్రం కుర్చీకి వేలాడుతూ ఉండిపోయింది. మోచేతుల దగ్గర రెండువైపులా చిరుగులే. బొమ్మలకి చలేస్తుందని బతికున్నంతకాలం దిగులుపడ్డ మనిషి తనకి మాత్రం కొత్తది కొనుక్కోలేదు. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ అమ్మాయికి ఆ చిరుగులు చూసి దుఃఖం ఆగలేదు.

యజమానీ బాధపడ్డాడు, కానీ వెంటనే తేరుకున్నాడు. "పాపం, మాస్టారితోపాటు ఆ చలి కూడా పోయింది. కొత్త ఆటకి అట్టమీద బొమ్మ నువ్వే గీయి. మంచుకొండ, వీరవనిత. దుస్తులు కుట్టించి పంపాను. అలాగే రావాలి. కుదరదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను."

అట్టమీద తన బొమ్మ పడాలని ఆమె ఏళ్ళుగా కలలు కంటోంది. అందుకే సరేనని బొమ్మలు గీసే గదిలోకి వెళ్ళింది. ఆ దుస్తులంటే రెండు రేకు చిప్పలు, నాలుగు తాళ్ళు. వాటిని చేతిలో పట్టుకుని ఫోజులక్క తలవంచుకుని నిలబడి ఉంది.

"ఏంటక్కా, వేసుకోలేదా?"

"మాస్టారు నీకు చెప్పలేదామ్మా?"

"ఏంటి?"

"నువ్వు చేరకముందే, క్యాన్సరని నాకు ఎడమ రొమ్ము తీసేశారు. ఇంక ఈ పనికి పనికిరానని చెప్పి వెళ్ళిపోదామని వచ్చాను. ఆయన తలెత్తకుండానే, 'చలికాలం వస్తోంది, ముందు కవచం తొడుక్కో' అన్నారు." ఫోజులక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అప్పుడు నడివేసవి."

ఆ అమ్మాయికి తాను తిట్టుకుంటూ రంగు వేసిన శాలువాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్క చేతిలోని రేకు చిప్పల్ని లాక్కుని బల్ల కిందికి తోసేసి, మూలనున్న పాత కవచం తెచ్చి అక్క వీపున పట్టీలు బిగించింది. కుర్చీకి వేలాడే స్వెటరు ఆవిడ భుజాల మీద కప్పి, పెన్సిలు అందుకుంది.

కాసేపటికి యజమాని తొంగిచూశాడు.

"ఏంటమ్మా ఇది? నేను కుట్టించినవేవీ?"

అట్టబొమ్మ చేజారిపోతుందని ఆమెకి తెలుసు. అయినా పెన్సిలు ఆపలేదు.

"మంచుకొండ కదా సార్. ఆవిడకి చలేస్తుంది."

యజమాని కవచం వంక, స్వెటరు వంక, ఆమె వంక చూసి, గుమ్మంలోనే నెత్తిమీద చేతులు పెట్టుకున్నాడు.

"మాస్టారు పోయారనుకున్నానే!"

పెట్టె మీద ఫోజులక్క పకపకా నవ్వింది. ఫోజు చెడిపోయింది. ఆ అమ్మాయి బొమ్మకి మఫ్లర్ మొదలుపెట్టింది.