తిజియు మోకాలు

బెలార్మినోకి తిజియు అని పేరు పెట్టింది సాంతా క్విటేరియా మిల్లు జనమే. ఉన్నచోటనే ఎగిరెగిరి పడే నల్లపిట్ట పేరది. బంతి తలకు అందేలా వస్తే చాలు, మనవాడు గాల్లో ఉండేవాడు. వారమంతా మరమగ్గం దగ్గర, ఆదివారం మిల్లు ఫుట్‌బాల్ జట్టులో.

జట్టు మీద పెత్తనమంతా ఒలింపియోది. తిజియు కూతురు ఇరాసిని చర్చిలో ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించినవాడు, అంటే కొంపాద్రే. ఆ ఊళ్ళో తోడబుట్టినవాడితోనైనా పోట్లాడొచ్చు గానీ కొంపాద్రే మాట తీసెయ్యకూడదు. పైగా చట్టం కూడా అలాగే ఏడ్చింది. ఒప్పందం ముగిసినా సరే, పాత క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు ఇంకో చొక్కా తొడగడానికి లేదు.

ఒక ఆదివారం రియోలోని పెద్ద క్లబ్బు నుంచి మనిషి వచ్చి ఆట చూశాడు. తిజియు రెండు గోల్స్ తలతోనే కొట్టాడు. రియోలో ఆడాలన్నదొక్కటే అతని కోరిక. ఆట అవగానే చెమట కూడా తుడుచుకోకుండా ఒలింపియో దగ్గరికి పరుగెత్తాడు.

"ఏమన్నాడు కొంపాద్రే?"

"ఏమంటాడు? నీ ఆట మన ఊరికైతే సరేనట, అక్కడికి చాలదట. రియోవాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయిలే. రా, బీరు తాగుదాం."

తిజియు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? ఆ తర్వాత బంతి వస్తుంటే ఎగరడానికే జంకేవాడు. రెండేళ్ళు తిరక్కుండా జట్టులో చోటు పోయింది, మగ్గం ఒక్కటే మిగిలింది.

ఇరాసికి పెళ్ళి కుదిరిన ఏడు, బస్టాండులో ఒక ముసలాయన అతన్ని పట్టి పట్టి చూశాడు. ఆనాడు రియో నుంచి వచ్చినాయనే.

"నువ్వు తిజియువి కదూ? మోకాలెలా ఉందయ్యా?"

"ఏ మోకాలు?"

"అదేమిటి! చిప్ప పగిలింది, సూదిమందుతో ఆడిస్తున్నాం, ఏడాది కూడా నిలవడని మీ ఒలింపియోనే చెప్పాడుగా. ఎంత బాధపడ్డానో! అలా ఎగిరేవాడు మళ్ళీ నాకు దొరకలేదు."

తిజియు మోకాలికి జన్మలో దెబ్బ తగల్లేదు. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అతను ఎక్కలేదు. తిన్నగా ఒలింపియో ఇంటికి నడిచాడు.

ఒలింపియో వసారాలో కాఫీ తాగుతున్నాడు. అడిగితే బుకాయించను కూడా లేదు.

"నువ్వు పోతే మనకి గోల్ కొట్టేవాడెవడు? ఊరి కోసం చేశాను. కూర్చో, కాఫీ తాగు."

"పంపనని చెప్పాల్సింది." తిజియు కూర్చోలేదు. "తిట్టుకునేవాణ్ణి, ఏడ్చేవాణ్ణి, మర్నాడు మళ్ళీ వచ్చి నీకోసమే ఆడేవాణ్ణి. నాకు ఆట రాదన్నావు కదరా! అది నమ్మి బతికాను నేను."

"కొంపాద్రే..." అంటూ లేవబోయాడు ఒలింపియో.

"అలా పిలవకు. ఇరాసి పెళ్ళికి రావద్దు" అని తిజియు మెట్లు దిగాడు.