తొంభై రోజుల టేపులు

ఆ రేడియో స్టేషన్‌లో ఆమెను అందరూ తొంభయ్యమ్మ అనేవారు. ఎదురుగా కాదు, ఆమె అటు తిరిగాక. లైసెన్సు షరతుల్లో ఒకటుంది: ప్రసారమైన ప్రతి మాటనూ స్టేషన్ తొంభై రోజులు టేపు మీద దాచాలి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే వినిపించాలి. ఆ దాచే పని ఆమెది. ఇనుప అరల్లో తొంభై గళ్లు, గడికో రోజు. తొంభై ఒకటో రోజు పొద్దున్నే పాత టేపు తీసి, చెరిపి, కొత్త తేదీ చీటీ అంటించేది. తొంభై రోజులకు తగ్గకూడదన్నారే గానీ, ఆపైన ఉంచుకోవద్దని ఎవరూ అనలేదు. ఆ సంగతి ఎవరు చెప్పినా ఆమె చెవికెక్కితేగా! గీసిన గీత దాటే మనిషి కాదు.

అలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి ఒక వాగుడుకాయను కట్టబెట్టాడు. ఆ స్టేషన్‌లోనే పొద్దుటి కార్యక్రమం భర్తది. ఫోన్ చేసినవాళ్ల కోడి దగ్గర్నుంచి కోడలి దాకా అందరి క్షేమమూ అడిగేవాడు. ఇంటికొచ్చినా నోరు మూతపడేది కాదు. "కాసేపు ఆ నోటికి సెలవివ్వండి బాబూ" అని ఆమె దండం పెట్టేది. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకుందో లెక్కలేదు.

ఒకసారి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, కుళాయిలో నీళ్లు రావడం లేదని నీళ్ల ఆఫీసు వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాడు. దాని మీద లైసెన్సు ఆఫీసుకు ఫిర్యాదు వెళ్లింది. అభ్యంతరకరమైన భాగం పంపమని ఉత్తరం వచ్చింది.

"నా పలకరింపు దగ్గర్నుంచి పంపవే. చివర్లో ఆయన్ని ఎంత బుజ్జగించానో కూడా వింటారు" అన్నాడు భర్త.

"వాళ్లు అడిగింది తిట్లు. మీ ముచ్చట్లు కాదు."

తిట్టు మొదలైన చోటు నుంచి ఆగిన చోటు దాకా నకలు తీసి పంపింది. నాలుగు నిమిషాలు. ఆఫీసువాళ్లు ఒక హెచ్చరికతో వదిలేశారు.

మరుసటి ఏడాది అతనికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. నాలుగు నెలలు ఆసుపత్రి మంచం. ఆమె పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి, ఆ రోజు వంతు టేపు చెరిపి, అటునుంచి అటే అతని దగ్గరికి వెళ్లేది. అలా చెరుపుతూ పోగా అతని గొంతున్న టేపు ఒక్కటి మిగిలింది.

"ఏమండీ, మీ టేపులు రేపటితో అయిపోతాయి. అదొక్కటి ఉంచనా?"

ఆయాసపడుతూనే నవ్వాడు. "చెరిపెయ్. వచ్చాక కొత్తవి వాగుతాను."

ఉంచితే రాడేమోనని ఆమెకూ భయమేసింది. మనిషి తిరిగొస్తాడని నమ్మినవాళ్లు గొంతు దాచుకుంటారా? మర్నాడు చెరిపేసింది. ఇంకో ఇరవై ఎనిమిది రోజులకు అతను పోయాడు.

జేబుకో కెమెరా ఉన్న కాలం కాదది. పొద్దస్తమానం వాగే మనిషి గొంతును ఇంట్లో ఎవరు మాత్రం పట్టిపెట్టుకుంటారు? కొన్నాళ్లకు ఎనిమిదేళ్ల కూతురు బడి నుంచి వచ్చి, సంచీ కూడా దించకుండా అంది: "అమ్మా, నాన్న గొంతు గుర్తు రావట్లేదే. మొహం వస్తోంది, గొంతు రావట్లేదు. ఒక్క టేపు తేవా?"

లేదని తెలిసీ తొంభై గళ్లూ వెతికింది. ఏ టేపు పెట్టినా వేరేవాళ్ల గొంతులే, చీటీల మీద మాత్రం తన రాతే. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అరల ముందు కూలబడి ఏడ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫిర్యాదు.

లైసెన్సు ఆఫీసు గుమాస్తా మంచివాడు. "ఫైలు ఎప్పుడో మూసేశామమ్మా. మీరు పంపిందే కదా, తీసుకెళ్లండి" అని బీరువా అడుగునుంచి కవరు తీసి, దుమ్ము దులిపి, సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

ఇంట్లో తల్లీకూతుళ్లు టేపురికార్డరు ముందు కూర్చున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషి తిట్లు లంకించుకున్నాడు. అతను గుక్క తిప్పుకున్నప్పుడల్లా వెనకనుంచి మెత్తగా, "ఊఁ" అని వినిపించేది. మళ్లీ కాసేపటికి, "ఊఁ." అంతే. చివర్లో తిట్లు ఆగాయి, భర్త మాట్లాడబోతూ గొంతు సవరించుకున్నాడు, టేపు ఠక్కున ఆగిపోయింది. నకలు తీసేటప్పుడు అక్కడ ఆపింది ఆమే.

"నాన్న ఏం మాట్లాడట్లేదేంటమ్మా?"

"వింటున్నారమ్మా" అంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

పిల్ల తనే టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. తిట్లను పట్టించుకోకుండా పెట్టెకు దగ్గరగా జరిగింది.

"నాన్నా, నాకు పన్ను ఊడింది."

"ఊఁ."

"అమ్మ రోజూ ఏడుస్తోంది."

"ఊఁ."

తొంభయ్యమ్మ ఇక ఆగలేకపోయింది. తనూ పెట్టె మీదికి వంగింది. "ఏమండీ, నేను..." అంది. అప్పటికే ఊఁలు అయిపోయాయి.