బూరెకి పెట్టిన లంఖణం

ఆ సాయంత్రం ఫ్రిజ్ తలుపు తీసినా బూరె అరవలేదు. కొత్తిమీర కవరు చప్పుడైతే చాలు, వీధి చివరిదాకా వినబడేలా కేకలు పెట్టే జీవి అది. తొంగి చూస్తే మూలన ముడుచుకుని కూర్చుంది, పొట్ట ఉబ్బి ఉంది. పక్కన గారె మాత్రం తీరిగ్గా ఎండుగడ్డి నములుతోంది.

బూరె, గారె మా ఇంటి గినీ పిగ్స్. నేను సినిమాలకి కాస్ట్యూమ్స్ పని చేస్తాను. ఒక సినిమాలో చిన్నపాప ఆడుకునే సీను కోసం వీటిని కొన్నారు. ఆ సీను ఎడిటింగ్‌లో ఎగిరిపోయింది, ఇవి నా ఒళ్ళో పడ్డాయి. కృష్ణానగర్‌లో మా రెండు గదుల ఇంట్లోనే ముసలివయ్యాయి. ఆరేళ్ళంటే వాటి లెక్కన తాతలే. నరసాపురం నుంచి వచ్చిన మా అత్తమ్మ మొదట్లో “ఎలకల్ని పెంచడమేంటమ్మాయ్” అని మొహం తిప్పుకున్నారు. తర్వాత వాటి ఆలనాపాలనా అంతా ఆవిడదే అయింది.

“అజీర్తి చేసినట్టుంది. ఈ పూటకి ఏమీ పెట్టొద్దు, కడుపు అదే సర్దుకుంటుంది,” అని అత్తమ్మ గడ్డి తీసేశారు. నాకూ సబబే అనిపించింది. ఆవిడది కోస్తా, నాది హైదరాబాద్. పప్పులో వేసే పోపు దగ్గర కూడా మాకు కుదరదు గానీ, కడుపు బాగాలేకపోతే లంఖణం పెట్టాలన్న దగ్గర మాత్రం రెండిళ్ళదీ ఒకటే మాట. తెల్లవారేసరికి బూరె పెంటికలు వేయడం కూడా మానేసింది.

భయపడి ఆటో ఎక్కాం. జూబ్లీహిల్స్‌లో కుందేళ్ళనీ చిలకల్నీ కూడా చూసే ఒక డాక్టరమ్మ ఉన్నారు. పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు, ఎక్స్‌రే తీయించారు.

“ఎప్పటి సంది తింటలేదు?”

“మేమే పెట్టలేదండీ. కడుపు ఖాళీగా ఉంచాం,” అన్నారు అత్తమ్మ, మంచి పని చేసినట్టు.

డాక్టరమ్మ కోప్పడలేదు. “అమ్మా, లంఖణం మనకు పనిచేస్తదేమో గానీ దీనికి చెయ్యది. లోపలికి గడ్డి పోతనే ఉండాలె. తిండి ఆగితే పేగులు గూడ ఆగుతయ్, గ్యాస్ పడతది. జి.ఐ. స్టేసిస్ అంటం దీన్ని. ఇంకో పూట ఆగితే దక్కకపోతుండె.”

నొప్పికి ఇంజెక్షన్ చేసి, చర్మం కిందికి ఫ్లూయిడ్స్ ఎక్కించి, గడ్డిపొడితో చేసిన ఫీడ్ ఇచ్చారు. నీళ్ళలో కలిపి సిరంజితో కొంచెం కొంచెంగా పట్టాలన్నారు.

ఆ తర్వాత అత్తమ్మని చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. అయ్యో నేనే చేశానే అని ఏడుస్తూ కూర్చోలేదు ఆవిడ. కొంగు నడుముకి దోపి, బూరెని తువ్వాలులో చుట్టి, బుగ్గ పక్కనుంచి సిరంజి పెట్టి, మింగేదాకా ఆగి, మళ్ళీ పట్టేవారు. అది ఉమ్మేసేది. చర్చికి కట్టుకున్న తెల్లచీర నిండా పచ్చ మరకలు. “మింగు నాన్నా, ఇంకొక్క చుక్క. మీ యజమానురాలి మొగుడికి కూడా నేనింత బతిమాలి పెట్టలేదు,” అనేవారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి.

ఒక మధ్యాహ్నం సెట్లో హీరోయిన్ దుపట్టాకి పిన్ను పెడుతుంటే ఫోనొచ్చింది. “అమ్మాయ్, వేసింది!” నేను పట్టలేక “పెంటికలు వేసిందట!” అని అరిచాను. సెట్టంతా నన్నే చూసింది.

గండం గడిచిందనుకున్నాం. కొన్నాళ్ళకి బూరె గడ్డి నోట్లో పెట్టుకుని వదిలేయడం మొదలుపెట్టింది. వెనక పళ్ళు పెరిగి నాలుకకి గుచ్చుకుంటున్నాయట.

“ట్రిమ్ చెయ్యాలె, ఎనస్తీషియా ఇయ్యాలె. ఈ వయసుల లేస్తదని గ్యారంటీ ఇయ్యలేను,” అన్నారు డాక్టరమ్మ.

నాకు ధైర్యం చాలలేదు. ముసలిప్రాణాన్ని ఎందుకు ఇంకా బాధపెట్టడం అన్నాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. “ఆకలేసి గడ్డి దగ్గరికి వెళ్తోంది, నొప్పెట్టి వదిలేస్తోంది. తిననని అది అనట్లేదు కదమ్మాయ్.”

నేను సంతకం పెట్టాను. బయట బల్ల మీద, బూరెకి తోడుగా తెచ్చిన గారె బుట్టని ఒళ్ళో పెట్టుకుని అత్తమ్మ ప్రార్థన చేస్తూనే ఉన్నారు. లోపలినుంచి నర్సమ్మ వచ్చి “లేచింది” అన్నాక ఆవిడ బుట్ట పక్కన పెట్టి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ఏడ్చారు.

ఇప్పుడు బూరె తింటోంది. పళ్ళు మళ్ళీ పెరుగుతాయి కాబట్టి చూపించుకుంటూ ఉండాలి. వారం వారం వంటింటి త్రాసులో ఇద్దర్నీ తూస్తాం. ఫిల్మ్‌నగర్‌లో నేను కొలతలు తీసేవాళ్ళంతా ఒళ్ళు తగ్గాలని తంటాలు పడుతుంటే, మా ఇంట్లో త్రాసు ముల్లు కాస్త ముందుకి జరిగితే పండగ.

గినీ పిగ్స్ పెంచేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. అది తినడం మానేస్తే సాయంత్రం దాకా చూద్దామని ఆగకండి, పస్తు అసలు పెట్టకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

గారెకి చూపు మందగించింది. ఇద్దరూ ఇంకెన్నాళ్ళుంటారో తెలియదు. ఆ మాటే అత్తమ్మతో అంటే, కొత్తిమీర కాడలు తుంచుతూ తలెత్తకుండానే అన్నారు: “పోయే రోజున ఎలాగూ పోతారమ్మాయ్. ఆకలితో మాత్రం పోనివ్వను.”