నలభై దాటిన మౌనం

ఊరికే నోరు మూసుకుని కూర్చోవడం కూడా చేతకాని మనిషి ఉంటాడా అనుకుంటున్నారా? ఉన్నాడు, నేనే. చిక్కడపల్లిలో నిండు సభలో ఒక నాటకాన్ని ముంచాను. ముంచినందుకు మెప్పు కూడా వచ్చింది, అదే నా ఏడుపు.

మా బామ్మర్ది శీను రాసిన నాటకంలో ఒకే మనిషి, ఒకే సత్తుగిన్నె. పని దొరకని అడ్డా కూలీ ఇంటికి పోలేక గిన్నె ముందు చాలాసేపు మౌనంగా కూర్చుంటాడు. చివరికి "ఇయ్యాల గూడ పని దొరకలే" అంటాడు. అంతే! ఇదీ తేలిపోతే నాటకాలు మానేస్తానని శీను మా ఆవిడకు మాటిచ్చాడు. ప్రదర్శనకేమో పేరున్న విమర్శకుడు వస్తున్నాడు.

"బావా, లెక్కల మనిషివి. నువ్వు మాటలందిస్తే తప్పు పోదు" అన్నాడు శీను. నిజమే మరి! బడిలో ఎవరూ నేర్పకపోయినా నోటిలెక్కలో నన్ను మించినవాడు అశోక్‌నగర్‌లో లేడు. రిహార్సల్స్‌లో ఆ మౌనాన్ని లోలోపల లెక్కపెట్టాను. ప్రతిసారీ నలభై.

ప్రదర్శన రోజు నలభై అయింది. కూలీ వేషం వేసిన మల్లేశ్ నోరు విప్పలేదు. యాభై. అరవై. మాట మర్చిపోయాడు, సందేహమే లేదు. తెర పక్కనుంచి "ఇయ్యాల గూడ..." అని గుసగుసగా అందించాను. మల్లేశ్ నావైపు ఉరిమి చూసి, మళ్లీ గిన్నెలోకి తలదూర్చాడు. ఎనభై దాటేసరికి నా ఓపిక కుక్కర్‌లా కూత పెట్టింది.

"పని దొరకలేదని చెప్పవయ్యా! ఎంతసేపు కూసుంటవ్?"

ఆ కేక నారాయణగూడ చౌరస్తా దాకా వినబడి ఉంటుంది. మల్లేశ్ ఉలిక్కిపడి, తలవంచి మాట అప్పజెప్పాడు. తెర పడింది.

"ఏంది బావా గిది? ఆ మౌనమే నా నాటకం!"

"వాడు మర్చిపోయిండు శీనూ!"

"మర్చిపోలే! జనం లీనమైండ్రని జర సాగదీసిండు!"

ఇంతలో విమర్శకుడు పరుగున వచ్చాడు. "ఆ కనబడని గొంతు ఎవరిదండీ? కూలీని నిలదీసే ఆకలంతా అందులోనే ఉంది! వచ్చేవారం మిత్రులను తీసుకొస్తాను, ఆ గొంతు తీసేయకండి."

ఆయన వెళ్లాక శీను కూలబడ్డాడు. "ఆర్నెల్లు కూసొని రాసిన మౌనం గురించి ఒక్క ముక్క అన్నడా? ఏం జేస్తం, మళ్ల గదే కేక వెయ్యి బావా. లేకుంటే నా నాటకం ఖతం."

ఇక నేనూ కళాకారుడినే కదా! వారమంతా ఆ కేక సాధన చేశాను. మా ఆవిడ వంటింటి తలుపు వేసుకుంది. తీరా రెండో ప్రదర్శనలో లెక్క ఎనభైకి చేరగానే నోరు తెరిచాను. మాట మాయమైంది. మాటలందించేవాడికి మాటలందించేదెవరు? తొంభై. వంద. చివరికి మల్లేశ్ గిన్నె కింద పెట్టి తెర వైపు తిరిగాడు.

"చెప్పన్నా! ఎంతసేపు నిలబడ్తవ్?"

విమర్శకుడు ఎగిరి లేచాడు. "మొన్న తలవంచిన కూలీ ఇవాళ ఎదురు తిరిగాడు! అద్భుతం!"

నాటకం నిలబడింది. తన మౌనం పోయిందని శీను మాత్రం నాతో మాటలు మానేశాడు. అందుకే మా ఆవిడ ముందు చేయెత్తి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి మౌనాన్నీ లెక్కపెట్టను. శీనుది నలభై దాటి ఎంత దూరం పోయినా సరే.