కొండ నొక్కులో నిలబడి చెల్లి చూపించిన రాయి

మొన్న ఆదివారం మా అబ్బాయి తన పిల్లలిద్దర్నీ కారులో ఎక్కించుకుని మా పేట వెనకున్న కొండ మీదికి తీసుకెళ్ళి, ఇంట్లో ఇడ్లీలు చల్లారేలోపే తిరిగొచ్చేశాడు. చేతుల్లో ఐస్‌క్రీం పుల్లలతో పిల్లలు పరిగెత్తుకొచ్చి, కొండెక్కేశాం తాతా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు ఎక్కారు, కారు దిగారు, దాన్ని కొండెక్కడం అంటారా? మీ ఈడులో నేను మా చెల్లెల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని, కింద ఇసక దగ్గర మొదలుపెట్టి పైన గాలి కొట్టేచోటి దాకా, ఎక్కడా దించకుండా, గుక్కెడు నీళ్ళైనా తాగకుండా ఎక్కానర్రా అని వాళ్ళ మీద అరిచాను. పెద్దవాడు నా మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, అప్పుడు మీ చెల్లి ఎంత బరువుండేది తాతా అని నిదానంగా అడిగాడు. నా కోపం రెట్టింపయింది.

ఆ కోపం దిగకే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదివితే వాళ్ళకీ కాస్త కోపం రావాలని నా కోరిక.

మాది సముద్రం మీద బతికిన ఇల్లు. ఊళ్ళో వాళ్ళకి కొండ అంటే ఎక్కి చూసేది, మా వాళ్ళకి కొండ అంటే నీళ్ళ మీద నుంచి చూసేది. మా కొండ నడినెత్తిన చిన్న నొక్కు ఉండేది. పడవ మీద నుంచి ఒడ్డు వైపు చూస్తే, ఎక్కడో వెనకున్న సింహాచలం కొండ శిఖరం ఆ నొక్కులో సరిగ్గా వచ్చి కూర్చోవాలి, అదే సమయానికి ఎడమ పక్కన ఓడలరేవు కొండ ముక్కు వెనక నుంచి అవతలి కొండ అప్పుడే తొంగిచూడాలి. ఆ రెండూ కలిసిన చోట నీటి కింద పెద్ద రాయి ఉంటుంది. రాతి చుట్టూ వంజరం చేప తిరుగుతుంది. తెలియక దాని మీద వల వేశారా, వల పీలికలే. ఆ చోటు మా తాత కనిపెట్టి మా అయ్యకి చెప్పాడు, అయ్య బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఇంట్లో పిల్లాణ్ణి పడవ ఎక్కించే ముందు ఒకసారి కొండ నొక్కులో నిలబెట్టి, రాయి ఎక్కడుందో చూపించమని అడగడం మా ఇంటి పద్ధతి. చూపిస్తే ఆ చోటు వాడిది. లేకపోతే లేదు.

అలా ఒక రోజు, సముద్రం పోటుగా ఉండి పడవలన్నీ ఇసక మీదే ఉన్న రోజు, అయ్య, అమ్మ, నేను, మా చెల్లి బయల్దేరాం. అడగవలసింది నన్ను ఒక్కణ్ణే అయినా, అమ్మకి అదొక పండగ. చద్దన్నం మూట కట్టింది, కాల్చిన ఎండు నెత్తళ్ళు వేరే ఆకులో చుట్టింది, ఆ వాసనకి మూట పట్టుకున్నంత సేపూ మా తలల మీద గద్దలు తిరుగుతూనే ఉన్నాయి. చెప్పులు లేవు. దారీ లేదు. మేకలు నడిచిన జాడే దారి. జీడిమామిడి చెట్లు, వాటి కింద ఎండాకులు, ఆకుల కింద ముళ్ళు.

ఇక్కడ ఒక మాట సర్దుకోవాలి. చెల్లెల్ని మోసిన సంగతి నిజమే గానీ, జీడిమామిడి చెట్ల దాకానే. అసలు చెట్ల దాకా కూడా కాదు, చెట్లు కనిపించేదాకా. అక్కడ నా కాలిలో ముల్లు విరిగింది, కూలబడ్డాను, చెల్లి నా భుజం మీద నుంచి దూకి ముందుకి నడిచిపోయింది. పై దాకా నన్ను అయ్య ఎత్తుకున్నాడు. పిల్లలకి ఇదంతా చెప్పక్కర్లేదు.

నొక్కులోకి చేరాక అయ్య నన్ను దించి, నా తల నిమిరి, రాయి ఎక్కడుందో సూపించు అన్నాడు. నేను సముద్రం వైపు చూశాను. అంత నీలం ఒక్కసారిగా ఎప్పుడూ చూళ్ళేదు. పడవ మీద నుంచి ఆ కొండని ఎన్నిసార్లు చూపించాడో, అన్నం దగ్గర ఎన్ని రాత్రులు చెప్పాడో, అన్నీ తెలిసినట్టే ఉన్నాయి గానీ, కొండ మీద నుంచి చూస్తే ప్రపంచం తిరగబడిపోయింది. నీళ్ళలో ఏదో నల్లగా మచ్చ కనపడుతుందనుకుని అదే వెతుకుతున్నాను. ఒకచోట వేలు పెట్టాను. అయ్య తల అడ్డంగా ఊపాడు. ఇంకోచోట పెట్టాను.

అప్పుడు మా చెల్లి సముద్రానికి వీపు పెట్టి వెనక్కి తిరిగింది. దూరంగా ఉన్న సింహాచలం కొండని కాసేపు చూసి, దానికి వీపు సరిగ్గా ఆనించినట్టు నిలబడి, చెయ్యి తిన్నగా ముందుకి చాపింది. తరవాత ఓడలరేవు కొండ వైపు ఒక చూపు చూసి, వేలు కొంచెం కిందికి దించి ఆపింది. అన్నం దగ్గర అయ్య నాకు చెప్పినవన్నీ పక్కన కూర్చుని అది విందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

"సెయ్యి దించు" అన్నాడు అయ్య. గట్టిగా అనలేదు. అంత కోపంగా ఆయన మాట్లాడటం నేను మళ్ళీ వినలేదు.

అమ్మ గబగబా మూట విప్పింది. తిన్నాం, దిగాం. మర్నాడు మా ఇంట్లో వంజరం కూర. అమ్ముకోవడానికే తప్ప వండుకోవడానికి కాదు మాకు వంజరం. నా మీద జాలిపడి, నన్ను ఓదార్చడానికి అయ్య తెచ్చి వండించాడని ఇప్పటికీ నా నమ్మకం. ఆ తరవాత నన్ను వన్ టౌన్‌లో బడికి పంపారు, బడి నుంచి పోర్టు ఆఫీసు కుర్చీలోకి వెళ్ళాను. చెల్లి తలమీదికి చేపల గంప వచ్చింది. అయ్య పోయాక పడవ మా చిన్నాన్న కొడుకు చేతికెళ్ళింది, వాడు మొదటి వారంలోనే ఆ రాతి మీద వల చింపుకొచ్చాడు. రాయి ఎక్కడుందో చెల్లి ఒడ్డున నిలబడి చెప్పబోతే, ఆడదానికి సముద్రం సంగతి ఏటి తెలుసు అని నవ్వారు. తెలిసిన మనిషిని ఒక్కసారి కూడా పడవ ఎక్కించని మా పేట మీద నాకు కోపం. ఇప్పుడు ఆ నొక్కులో ఎవరో అంతస్తుల మీద అంతస్తులు లేపారు, సముద్రం మీద నుంచి చూస్తే సింహాచలం కొండ కనపడదు, అద్దాలు మెరుస్తాయి. వాళ్ళ మీద కోపం. రాయి ఎక్కడుందో పడవలో పెట్టుకున్న మిషను చెప్పేస్తోంది గనక కుర్రాళ్ళు తలెత్తి కొండ వైపు చూడనే చూడరు. వాళ్ళ మీదా కోపమే. ఒకప్పుడు మా కొండకి పని ఉండేది. ఇప్పుడది ఐస్‌క్రీం తినే చోటు.

ఇంతవరకూ రాసి, నిన్న సాయంత్రం మా చెల్లికి చదివి వినిపించాను. అది గుమ్మంలో కూర్చుని ఎండు చేపలు ఏరుకుంటోంది. పాపం అన్న మాట రెండుచోట్ల ఎక్కువ వేసి చదివాను, కళ్ళు తుడుచుకుంటుందేమోనని ఆగి చూశాను. అది తల ఎత్తలేదు.

"నన్నెవులూ పడవెక్కించలేదని రాసేవేటన్నియ్యా?" అంది. "కొండ దిగిన మర్నాడు తెల్లారకుండానే అయ్య నన్ను లేపి తీసుకెళ్ళేడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు, సెప్పలేదు. నొక్కులో కొండ కూకుందా లేదా అని నన్నే అడిగి పడవ నిలబెట్టేడు. నువ్వు నిద్దరోతన్నావు."

ఏరిన చేపని గంపలో పడేసి, అప్పుడు నా వైపు చూసింది.

"ఆ పూట మల్లీ అడిగి ఏయించుకు తిన్నావే వంజరం కూర, అది నాను పట్టిందే."